కీళ్ళవాపు – రక్తములోని సహాయకులు

మన యిండ్లలో "వాపు" అను మాట వినని దినముండదు. ముల్లు గ్రుచ్చుకొన్నచోట వాపు, పంటిచిగురు వాపు, బాలింతకు పాలు గడ్డకట్టిన వాపు. ఎఱుపు, వాపు, వేడిమి, నొప్పి అను నీ నాలుగు లక్షణములను క్రీస్తుశకము మొదటి శతాబ్దమునందే రోముదేశపు గ్రంథకర్త సెల్సస్ ఒక్కచోట చేర్చి వ్రాసెను. వైద్యులు దీనిని శోథమందురు. కనబడినంతనే దీనిని చల్లార్పవలెనని మనము తొందరపడుదుము. కాని యిది శరీరము తన్ను తాను కాపాడుకొనుటకు రగిల్చిన నిప్పు. ఆ నిప్పు దారితప్పి కీళ్ళకంటుకొనుటయే కీళ్ళవాతము. పురుషులకంటె స్త్రీలకిది రెండు మూడు రెట్లు హెచ్చుగా వచ్చుచున్నది గనుక, దానిని రగిల్చువారెవరో మనము తెలిసికొనవలసియున్నది.

రక్తములోని తెల్లకణములలో టి-కణములని యొక తెగ కలదు. ఇవి ఎముకల మూలుగులో పుట్టి, ఱొమ్ముటెముక వెనుకనుండు థైమస్ గ్రంథిలో శిక్షణ పొందును. "టి" అను నక్షరము ఆ గ్రంథి పేరునుండి వచ్చినదే. ఆ గ్రంథివలన ప్రయోజనము లేదని వైద్యలోకము చిరకాలము తలచుచుండెను. 1961లో జాక్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు దానిని తీసివేసి, అవి రోగములనెదిరింపజాలక కృశించుట చూపెను.

ఈ టి-కణములలో నొక వర్గమునకు సహాయక కణములని పేరు. పేరు చిన్నది, పెత్తనము పెద్దది. సాధారణముగా నివి క్రిమిని మ్రింగవు, చంపవు. క్రిమిని మ్రింగిన వేఱొక కణము దాని తునకను తెచ్చి చూపగా, ఇవి ఆనవాలుపట్టి కొన్ని రసములను విడుచును. ఆ రసములే యాజ్ఞలు. వానినందుకొని కొన్ని కణములు క్రిమిని చంపును, కొన్ని ప్రతిరక్షకములను తయారుచేయును. రక్తనాళములు వెడల్పయి ఆ చోటు ఎఱ్ఱబడి వాచును. తాను గరిటె పట్టకయే పదిమందిచేత పెండ్లివంట నడిపించు పెద్దముత్తైదువను మనమెఱుగుదుము గదా! ఎయిడ్స్ క్రిమి ముఖ్యముగా నీ కణములనే పట్టి నాశనము చేయును. ఆరోగ్యవంతుల రక్తమున ఘన మిల్లీమీటరునకు 500 మొదలు 1500 వఱకు నుండు నీ కణములు 200 కంటె తగ్గినచో, ఇతరులను బాధింపని క్రిములు సైత మా రోగిని పడవేయును.

మా పెద్దవదినగారికి 38వ యేట వ్రేళ్ళ కణుపులు వాచెను. తెల్లవాఱి లేవగానే గంటకు పైగా పిడికిలి ముడుచుకొనదు. ముగ్గుపిండి చిటికెడు వ్రేళ్ళ సందున నిలువదు. "వాతమమ్మా, చలికాలము పోయిన నదే తగ్గును" అని అత్తగారు వావిలాకు కాపడము పెట్టించిరి. కాపడము హాయి నిచ్చునుగాని ఎముకను కాపాడజాలదు. ఈ వ్యాధిలో సహాయక కణములు సొంతకీలు లోపలి పొరనే పరాయిదని పొరబడి ఆజ్ఞలు పంపుచుండును. వంశమున వచ్చు కొన్ని లక్షణములు, పొగత్రాగుట దీనికి తోడ్పడును. నెలలు గడచిన కొలది మెత్తటి ఎముక, గట్టి ఎముక కూడ తినివేయబడును. ఒకసారి వంకరపోయిన వ్రేలు మందుచే తిన్నబడదు. ఎడమచేతి రెండు వ్రేళ్ళు వంగిన తరువాతగాని మా వదినగారిని పట్టణమునకు తీసికొనిపోలేదు.

మొదట మెథోట్రెక్సేట్ మాత్ర లిచ్చిరి. అది చాలకపోగా, టి.ఎన్.ఎఫ్. అను శోథరసము నడ్డగించు సూదిమందు వేయవలెనని వైద్యుడు నిశ్చయించెను. అంతకు ముందు ముంజేతి చర్మములో మాంటూ పరీక్ష చేసిరి. మూడవనాటికి అచ్చట గట్టి దద్దురు లేచెను. కీళ్ళ వైద్యమునకు వచ్చినవారికి క్షయ పరీక్ష యేలయని మా యింటివారికి కోపము వచ్చినది. నాకైతే ఆ చేయి చూచిన నాశ్చర్యమే కలిగెను. మణికట్టున నున్నదియు శోథమే, నాలుగంగుళముల పైన నున్నదియు శోథమే. మొదటిది సహాయక కణముల పొరపాటు. రెండవది, తా మెన్నడో ఎదుర్కొన్న క్రిమిని అవి జ్ఞాపకముంచుకొన్న గుర్తు. బి.సి.జి. టీకావలన గూడ దద్దురు రావచ్చును గాన, ఱొమ్ముకు ఎక్స్-రే తీసి, రక్తము కూడ పరీక్షించిరి. అణగియున్న క్షయక్రిమి కలదని తేలెను.

ఆ క్రిమిని కణముల కోటలో బంధించి యుంచుటకు టి.ఎన్.ఎఫ్. కావలెను. దానినడ్డగించినచో కోటగోడ సడలును. ఇట్టి మందగు ఇన్‌ఫ్లిక్సిమాబ్ పుచ్చుకొన్న కొందఱికి క్షయ పైకి లేచినట్లు 2001లో వైద్యులు ప్రకటించిరి. అందుచేత మా వదినగారికి ముందు క్షయనివారణ మందు మొదలిడి, నెల గడచిన పిమ్మటనే సూది వేసిరి.

మఱి యీ పెత్తందారులకు పగ్గము వేయువారు లేరా? కలరు. జపాను దేశీయుడగు షిమోన్ సకగూచి అట్టి నియామక టి-కణములను 1995లో చూపెను. వానికి మూలమగు జన్యువును 2001లో మేరీ బ్రంకో అను స్త్రీయు, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌యు కనుగొనిరి. ముగ్గురకును 2025లో నోబెల్ బహుమాన మొసగబడెను. గర్భిణులలో ఈ వ్యాధి తఱచు తగ్గుముఖము పట్టి, ప్రసవానంతరము తిరుగబెట్టుట చాలకాలముగా తెలిసినదే. తల్లి శరీరము శిశువును పరాయిగా నెంచకుండుటకు నియామక కణములు తోడ్పడును.

ఇంటిలో చూచుకొనువారి కొక మాట. మెథోట్రెక్సేట్ వారమున కొక్క దినము మాత్రమే. దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. మా వదినగారు సోమవారమని మాత్రలడబ్బాపై వ్రాయించుకొనిరి. గర్భము కోరు స్త్రీ, వైద్యుని యడిగి, ముందుగనే దానిని మానవలెను. సూదిమందు వాడువారికి రెండు వారములు దగ్గు విడువకున్నను, సాయంకాలపు జ్వరము తగులుచున్నను, కషాయముతో కాలము గడపరాదు.