నాథశాస్త్రి ఎవరు?

వ్యాసం దాదాపు పూర్తయింది. తెలుగు కథకుల గురించి ఇంటర్నెట్‌లో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అన్నది విషయం. అందులో ఒక పేరా మహా కోపంగా రాశాను: తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది, ఇన్నేళ్ళయినా రావిశాస్త్రికి ఒక పేజీ లేదు, ఇదీ మన సాహిత్యాభిమానం, వగైరా. దిల్‌సుఖ్‌నగర్‌లో చాయ్ తాగుతూ మిత్రుడికి చదివి వినిపించాను. వాడు ఫోన్ తీసి చూసి, "ఉంది గదరా, ఇగో" అన్నాడు.

ఉంది. నా జాబితాలోనే లేదు.

వికీపీడియా వ్యాసాలన్నిటినీ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా దించుకోవచ్చు. అందులోని టైటిళ్ళని నా దగ్గరున్న కథకుల పేర్లతో పోల్చాలనుకున్నాను. మొదట డామ్ పద్ధతిలో తెరిచాను. అది ఫైలంతా చదివి మెమరీలో ఒక చెట్టుగా నిలబెడుతుంది. ఆపైన ఏ కొమ్మకైనా వెళ్ళొచ్చు, వెనక్కి రావొచ్చు. సుఖమే, కానీ ఆ చెట్టు ఫైలుకి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎనిమిది జీబీల నా ల్యాప్‌టాప్ కాసేపు రొప్పి చేతులెత్తేసింది.

అందుకని సాక్స్. (ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0, సాక్స్, డామ్ మొదటి ప్రమాణం, మూడూ 1998లోనే వచ్చాయి. అంటే ఈ తగువు పుట్టుకతోనే ఉంది.) సాక్స్ మా మెట్రో లాంటిది. దిల్‌సుఖ్‌నగర్ దాటాక చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ అని చెప్పుకుంటూ పోయినట్టు, 'టైటిల్ మొదలైంది', 'అక్షరాలు వచ్చాయి', 'టైటిల్ ముగిసింది' అంటూ ముందుకే పోతుంది. ఎంత పెద్ద ఫైలైనా మెమరీ పిసరంతే పడుతుంది. గుర్తుపెట్టుకునే పని మాత్రం మనది. షేర్ ఆటో లాంటి స్టాక్స్ కూడా ఉంది: మనం 'పద' అంటేనే కదులుతుంది, అదీ వెనక్కి మాత్రం రాదు. నేను అంతదాకా పోలేదు.

ఆ రాత్రి ఎల్బీనగర్‌లో ఇంటికొచ్చి, జాబితాలో 'శాస్త్రి' అని వెతికాను. 'నాథశాస్త్రి' అని ఒక పెద్దమనిషి కనిపించాడు. ఎవరీయన?

రాచకొండ విశ్వనాథశాస్త్రిలో మిగిలిన ముక్క. సాక్స్ ఫైలుని ముక్కలుగా చదువుతుంది. ఒక ముక్క అంచు సరిగ్గా ఆయన పేరు మధ్యలో పడింది. అప్పుడు 'అక్షరాలు వచ్చాయి' అనే కబురు రెండుసార్లు వస్తుంది. రెండోదాన్ని మొదటిదానికి కలపాల్సింది పోయి, మొదటిది చెరిపి దానిమీద రాశాను. కోడ్‌లో ఒక ప్లస్ గుర్తు తక్కువ. ఇలా రావొచ్చని డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాసి ఉంటుంది. పదేళ్ళుగా ఇదే వృత్తి, అయినా చదవలేదు. డామ్ అయితే పేరు పూర్తిగా చేతికిచ్చేది. అందుకే కాబోలు, అలాంటిదొకటి ఉంటుందన్న ఊహే రాలేదు.

అది కాదు నన్ను గుచ్చింది. జీతం లేకుండా కూర్చుని ఆ పేజీ రాసినవాళ్ళని, ఆ పేజీ లేదని తిట్టబోయాను. అదీ ఎంత చక్కటి వాక్యాలతో!

ప్లస్ పెట్టి మళ్ళీ నడిపితే ఇంకొన్ని మొండెం పేర్లకి తలలు అతుక్కున్నాయి. కోపం పేరా తీసేశాను. వ్యాసంలో 'లేదు' అని రాసిన ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టి పెట్టుకున్నాను. సంగతి మిత్రుడికి చెబితే వాడి జవాబు:

"ఇంకెవరెవర్ని చంపినవ్‌రా?"

ఇంకా లెక్కపెడుతున్నాను.