కల్లంలో వడ్లు, బాపట్లలో అలలు

నవంబర్ 20, 2023, సోమవారం

నిన్న అహ్మదాబాద్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ పోయింది కదా, ఈరోజు మా వడ్ల కొనుగోలు సెంటర్‌లో హమాలీలకు మాట తక్కువ, పని ఎక్కువ. మంచిదే. ఎండ బాగా కొట్టింది. పొద్దు వాలేలోపు చాలా కుప్పలు 17 శాతం లోపుకి దిగాయి, కాంటా పెట్టించాను. ఏ గ్రేడు క్వింటాల్‌కు 2,203 రూపాయలు. తేమ ఒక్క పాయింటు ఎక్కువున్నా మిల్లు దగ్గర లారీ ఆపి కొర్రీలు పెడతారు, అందుకే నేను ఇక్కడే గట్టిగా ఉంటాను. రైతులకు నామీద కోపం. రానీ.

సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది. మరిదికి రైల్వేలో బాపట్ల బదిలీ అయినప్పటి నుంచి ఒకటే పిలుపు. "అక్కా, ఈసారన్న రాండ్రి. కార్తీక పున్నమికి సూర్యలంకల ఇసుకేస్తే రాలనంత జనముంటరట" అంది. ఇసుక మీద నిలబడ్డ జనానికి ఆ మాట ఎట్లా అతుకుతుందో గానీ, పక్కనే ఉన్న అత్తమ్మ వినేసింది. యాదగిరిగుట్టలో గుండం మునిగింది, భద్రాచలంలో గోదావరి మునిగింది. సముద్రం మాత్రం టీవీలో చూడటమే.

పున్నమి 27న. పోలింగ్ 30న. కల్లం నిండా వడ్లు. కుదరదని చెప్పాను. ఓట్ల లెక్క కూడా అయ్యాక, 4వ తేదీ రాత్రి కాజీపేటలో బండి ఎక్కుదామని మా ఆయనతో అన్నాను. టికెట్లు తీశాడు.

నవంబర్ 23, గురువారం

వాతావరణ శాఖ వాళ్ళు ప్రతి గురువారం నాలుగు వారాల ముందుచూపు ఒకటి ఇస్తారు. నేను దాన్ని వడ్ల కోసం చూసేదాన్ని, ఇప్పుడు ప్రయాణం కోసం కూడా చూస్తున్నాను. మొదటి వారం గురించి కాస్త గట్టిగా చెబుతారు. రెండో వారానికి బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టే అవకాశం ఎక్కువా తక్కువా అన్నంతవరకే. మూడు, నాలుగు వారాలకు వచ్చేసరికి వాన మామూలు కంటే ఎక్కువో తక్కువో అని రంగులు పూసిన పటాలు. ఫలానా తేదీన ఫలానా ఊళ్ళో ఏమవుతుందని చెప్పరు. నాకది నచ్చుతుంది. పంచాంగం చదివే అయ్యగారికైనా, టీవీలో చేతులూపే పిల్లకైనా ఆపాటి జంకు ఉండాలి.

బిడ్డ ఫోన్‌లో రుషికొండ దగ్గర పలక మీద నిలబడి అలల మీద జారే వాళ్ళ వీడియో చూపించింది. "అమ్మా, సూర్యలంకల గూడ గట్లనే జారొచ్చా? అలలు ఎంతెత్తు వస్తయి?" అని.

అలల సంగతి చెప్పేవాళ్ళు మన హైదరాబాద్‌లోనే ఉన్నారని చెబితే నమ్మలేదు. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1999లో పెట్టారు. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే నడుస్తోంది. సముద్రం మీద తేలే యంత్రాలు, ఉపగ్రహాలు పంపే లెక్కలతో దేశంలోని తీరాలన్నిటికీ అలల ఎత్తు, గాలి, ప్రవాహం కొన్ని రోజుల ముందే చెబుతారు. చేపలు ఎక్కడ దొరుకుతాయో కూడా వాళ్ళే చెబుతారు. చుట్టూ చూస్తే బండరాళ్ళు, అపార్ట్‌మెంట్లు.

బిడ్డతో కూర్చుని ఆ పేజీ చదివాను. ఎత్తు ఒక్కటే చూస్తే తెలియదు, అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడాలి. దగ్గర్లోని గాలికి లేచిన అలలు నాలుగైదు సెకన్లకొకటి, గజిబిజిగా వస్తాయి. ఎక్కడో దక్షిణాన వేల కిలోమీటర్ల అవతల తుఫానులో పుట్టిన అల అయితే పన్నెండు, పదిహేను సెకన్లకొకటి, వరుస కట్టి వస్తుంది. పలక మీద జారేవాళ్ళు దానికోసం కాచుకుంటారు. మీటరు ఎత్తే కదా అని నీళ్ళలో దిగినవాణ్ణి కిందపడేసేది కూడా అదే, ఎందుకంటే దాని వెనక నీళ్ళ బరువు ఎక్కువ.

నవంబర్ 27, సోమవారం

కార్తీక సోమవారం, పున్నమి రెండూ కలిశాయి. కొలనుపాక సోమేశ్వరుడి గుళ్ళో దీపాలు పెట్టి వచ్చాం. అత్తమ్మ దారంతా సముద్ర స్నానం పోయిందని సణిగింది.

దక్షిణ అండమాన్ వైపు అల్పపీడనం. అండమాన్ ఎక్కడ, ఆలేరు ఎక్కడ అని మా ఆయన నవ్వాడు. నవంబర్‌లో అక్కడ పుట్టినవి పడమరకు నడిచి ఎక్కువగా మన తీరానికో, తమిళనాడుకో వస్తాయి. ఈసారి ఆగస్టులో దేశంలో 1901 నుంచి ఎన్నడూ లేనంత తక్కువ వాన పడింది. అప్పుడు బోరు బావుల మీద బతికించుకున్న వరి ఇది. ఇప్పుడు వాన అక్కర్లేదు.

నవంబర్ 30, గురువారం

ఓటు వేశాను. సెంటర్‌లో ఒక్క హమాలీ లేడు. లారీలూ రాలేదు.

డిసెంబర్ 2, శనివారం

వాయుగుండం బలపడింది. తుఫాను అవుతుందని, తీరం వెంబడే పైకి పాకుతూ 5వ తేదీన నెల్లూరుకు, మచిలీపట్నానికి నడుమ దాటుతుందని అంచనా. పటం మీద ఆ నడుమ వేలు పెట్టి చూస్తే బాపట్ల. వందకు పైగా రైళ్ళు రద్దు చేశారు, మాది కూడా అందులో ఉంది. బిడ్డ ముఖం మాడ్చుకుంది.

నేను మాత్రం ఆ పటంలో సముద్రాన్ని కాదు, ఎడమ పక్క భూమిని చూస్తున్నాను. తీరం దాటాక తుఫాను ఉత్తరానికి ఖమ్మం వైపు తిరిగితే, దాని మబ్బుల అంచు భువనగిరి దాకా పరుచుకుంటుంది. తాటిపత్రులు లెక్కబెట్టించాను. ఉన్నవాటిలో మూడో వంతు చిరుగులే. రైతులు ఇంట్లోవి తెచ్చుకోవాలని మైకులో చెప్పించాను. బార్దాన్ సంచులు ఉన్నాయి, లారీలు లేవు. తూకమైన బస్తాలు కల్లంలోనే అట్టి పెట్టి ఉన్నాయి. మిల్లు వాళ్ళు ఎత్తుకోవడానికి "రేపు" అంటున్నారు. వాళ్ళ రేపు ఎప్పుడూ రాదు.

డిసెంబర్ 3, ఆదివారం

ఓట్ల లెక్కింపు. మధ్యాహ్నానికి ఊళ్ళో పటాకులు మొదలయ్యాయి. మా ఆలేరులో బీర్ల ఐలయ్య గెలిచాడు. బస్టాండు దగ్గర రంగులు చల్లుకుంటున్నారు. అదే రోజు తుఫానుకు పేరు పెట్టారు. ఒక పత్రికలో మిచౌంగ్, ఇంకోదాంట్లో మిగ్‌జాం. మయన్మార్ వాళ్ళు ఇచ్చిన పేరట.

ఊరేగింపు చూడ్డానికి పోయిన రైతులను ఫోన్లు చేసి మరీ కల్లానికి పిలిపించాను. "మేడం, గెలిచిన సంబరం గూడ చేసుకోనియ్యవా?" అన్నాడొకాయన. "రేపు చేసుకో కాకా, వడ్లు కుప్పజేసినంక" అన్నాను.

డిసెంబర్ 4, సోమవారం

టీవీ నిండా చెన్నై. కార్లు నీళ్ళలో తేలుతున్నాయి. తుఫాను తీరానికి దగ్గరగా, నిదానంగా కదలడం వల్ల ఒకే చోట అంత వాన.

ఇక్కడ మబ్బు పట్టింది. తూర్పు గాలి, చలి. ఆరబోసిన వడ్లన్నీ పొద్దున్నే కుప్పలు చేయించాను. కుప్ప చేయడం కూడా అందరికీ రాదు. మొన మొద్దుగా ఉంటే పత్రి మీద నీళ్ళు మడుగు కట్టి చిరుగుల్లోంచి దిగుతాయి. గోపురంలా నిటారుగా తీస్తే జారిపోతాయి. పత్రి అంచుల మీద రాళ్ళు పెడితే చాలదు, అంచు కిందికి నీళ్ళు పారకుండా చుట్టూ జానెడు లోతు కాలువ తియ్యాలి. కల్లంలో ఎక్కువ వడ్లు పాడయ్యేది పైనుంచి కాదు, కిందనుంచి. సిమెంటు గచ్చు మీద పోసినవాళ్ళు అదృష్టవంతులు. మట్టి మీద పోసినవాళ్ళకు పారలు, గడ్డపారలు పంచి కాలువలు తీయించాను. ఒక ముసలమ్మకు కొడుకులు హైదరాబాద్‌లో ఉన్నారు, ఆమె కుప్పకు నేనూ, నా తోటి మహిళా సంఘం అక్కా తవ్వాం. చేతులు బొబ్బలెక్కాయి.

మరిది ఫోన్. సూర్యలంక వైపు ఎవరినీ పోనివ్వడం లేదట. పోటు మీద ఇంకో మీటరు, మీటరున్నర నీళ్ళు లేస్తాయని హెచ్చరిక. అక్కడ మామూలు పోటుకూ పాటుకూ తేడా మనిషి నిలువంత కూడా ఉండదు, గుజరాత్‌లో భావనగర్ దగ్గరలా పది మీటర్లు లేచే సముద్రం కాదు మనది. ఆ చిన్న తేడాకు అలవాటుపడి కట్టుకున్న ఊళ్ళకు మీటరున్నర అదనమంటే మాటలు కాదు. 1977లో దివిసీమ ఉప్పెన గురించి మా నాయన రేడియోలో విన్నది చెప్పేవాడు.

డిసెంబర్ 5, మంగళవారం

మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర నడుమ బాపట్లకు దక్షిణాన తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. చెల్లె ఫోన్ కలవలేదు. సాయంత్రం ఆరింటికి కలిసింది. కరెంటు లేదు, పక్కింటి రేకులు లేచిపోయాయి, పిల్లలు బాగున్నారు. మరిది ఇంకా లైను మీదే, విరిగిన చెట్లు తీస్తున్నారు. "సముద్రం చప్పుడు ఇంటికి ఇనబడుతున్నదక్కా" అంది. వాళ్ళ ఇల్లు తీరానికి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు.

ఇక్కడ నాలుగింటి నుంచి ముసురు.

డిసెంబర్ 6, బుధవారం

రాత్రంతా సన్నగా పడింది. పెద్ద వాన కాదు, కానీ ఆగకుండా. తుఫాను ఖమ్మం దాకా వచ్చి బలం తగ్గిందని చెప్పారు. బలం తగ్గింది సరే, తడి తగ్గలేదు.

కప్పడం కష్టమనుకుంటారు అందరూ. కప్పి ఉంచడం అంతకన్నా కష్టం. ఇరవై శాతం తేమతో ఉన్న వడ్లను రెండు రోజులు పత్రి కింద ఊపిరాడకుండా పెడితే లోపల వేడి పుడుతుంది. పైన చలి, కుప్పలో చెయ్యి పెడితే బాలింత నీళ్ళకు కాచినంత వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనానికి గింజ మొలక పెడుతుంది, లేదంటే పసుపు తిరుగుతుంది. పసుపు తిరిగితే బియ్యం రంగు మారుతుంది, మిల్లు వాళ్ళు తీసుకోరు. అందుకని వాన రెండు గంటలు తెరిపి ఇచ్చిందంటే చాలు, పత్రి ఒక పక్క ఎత్తి గాలి ఆడనివ్వాలి. మళ్ళీ చినుకు పడగానే మూయాలి. ఈరోజంతా అదే పని. ఎత్తు, మూయి, ఎత్తు, మూయి. రైతులు రాడారు బొమ్మ చూపించమని నా చుట్టూ మూగారు. ఫోన్‌లో పచ్చటి మరకలు తూర్పు నుంచి జరుగుతుంటే, "ఇది మన మీదికొస్తదా, తప్పిపోతదా?" అని ఒకటే అడుగుడు. జనగామ దాటిందంటే ముప్పావు గంటలో మన మీద ఉంటుందని చెప్పాను. ఉంది కూడా.

ముసలమ్మ కుప్ప కింద తడి లేదు. కాలువలో నీళ్ళు నిండి వాగు వైపు పోయాయి.

డిసెంబర్ 9, శనివారం

రెండు రోజులుగా ఎండ. గురువారం కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశాడు, ఈరోజు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. అత్తమ్మ వెంటనే, "అయితే బాపట్ల దాక ఉత్తగనే పోవచ్చా?" అంది. రాష్ట్రం పొలిమేర దాకే అత్తమ్మా, ఆ తర్వాత మనది కాదు అన్నాను. "సముద్రం వాళ్ళకిచ్చి బస్సు మనం పెట్టుకున్నట్టుంది" అంది.

కొన్ని కుప్పల అడుగున బుట్టెడు మొలకలు వచ్చాయి. వేరుచేసి పశువులకు పెట్టారు. మిగిలినవి ఆరుతున్నాయి గానీ, పొద్దున మంచుకు మళ్ళీ తేమ పట్టుకుంటోంది. పదింటి దాకా మీటరు తీయను.

డిసెంబర్ 14, గురువారం

కొత్త ముందుచూపు వచ్చింది. వచ్చే వారానికి మన తీరం మీద భయపడాల్సిందేమీ లేదు. ఇన్‌కాయిస్ పేజీలో అలలు దిగాయి. మొన్న అమావాస్య అయిపోయింది, అష్టమి నాటికి పోటు మెత్తబడుతుంది, పిల్లలతో దిగడానికి అదే నయం. మా ఆయన 18 రాత్రికి టికెట్లు తీశాడు.

బిడ్డకు కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. అలలన్నీ విరుగుతూ తెల్లగా నురగ కక్కుతున్న చోట లోతు తక్కువ. రెండు నురగల నడుమ ఒక సందులో నీళ్ళు ప్రశాంతంగా, మట్టి రంగుతో ఉంటాయి చూడు, ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. అక్కడ దిగొద్దు. లాగితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, ఒడ్డు వెంబడే పక్కకు ఈదాలి. "నాకు ఈతనే రాదు గదమ్మా" అంది. సరే, మోకాలి లోతు దాటవద్దని తేల్చాను. అత్తమ్మకైతే చీలమండల దాకానే, మిగతాది చెంబుతో పోస్తాం.

చెల్లె పీతలు వండుతానంటోంది. అత్తమ్మ మార్గశిరంలో ముట్టదు, ఆమెకు పప్పు వేరేగా చెయ్యమన్నాను.

ముసలమ్మవి, ఇంకొకాయనవి ట్రక్ షీట్లు మిల్లు నుంచి ఇంకా రాలేదు. అవి వస్తేగానీ వాళ్ళ డబ్బులు పడవు. రేపు పొద్దున నేనే పోయి కూర్చుంటాను.