గడప నుంచి గడపకు

ఫిబ్రవరి 24, 2025. కీసర

శివరాత్రికి రమ్మంటే బెజవాడ నుంచి చెల్లెలు అంది: "విమానంలో గంటే కదక్కా!" టైంటేబుల్లో గంటే. మా శంషాబాద్ విమానాశ్రయానికీ బెజవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికీ నేరుగా గీత గీస్తే సుమారు 265 కిలోమీటర్లు. ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. కానీ ఇంత దగ్గరి ఊళ్ళ మధ్య పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ పోయే సమయమే ఎక్కువ, పూర్తి వేగంతో సాగేది కాసేపే.

ఫిబ్రవరి 26. శివరాత్రి

కీసరగుట్ట కింద ఆర్టీసీ ప్రత్యేక బస్సుల బారు. ఉప్పల్ నుంచీ ఈసీఐఎల్ నుంచీ జనం వస్తూనే ఉన్నారు. తలచుకుంటే ఇంతమందిని చేరవేయగలం.

మార్చి 1

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి కేంద్రం అనుమతి. 1930లో నిజాం కాలంలో కట్టింది, 1981 దాకా నడిచింది. 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న శంషాబాద్ ఒప్పందంలోని షరతు ఇన్నాళ్ళూ అడ్డు. శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ అభ్యంతరం లేదనడంతో దారి తెరుచుకుంది. వరంగల్ వాళ్ళకు ఢిల్లీ, ముంబై దగ్గరవుతాయి, మనస్ఫూర్తిగా సంతోషం. హైదరాబాద్‌ రావడానికి మాత్రం వాళ్ళకు రోడ్డూ రైలే దిక్కు.

మార్చి 4. ఉప్పల్ చౌరస్తా

హన్మకొండ బస్సు కోసం నిలబడ్డ పెద్దమ్మ అడిగింది: "మామునూరుల విమానం దిగుతదంట గదా బిడ్డా, ఆడికెల్లి మా ఊరికి బస్సుంటదా?" అసలు అడగాల్సిన ప్రశ్న అదే. మా ఎదుట నారపల్లి దాకా వేయాల్సిన ఎలివేటెడ్ కారిడార్ స్తంభాలు. పని మొదలైంది 2018లో. ఆరు కిలోమీటర్ల ఆ ముక్క పూర్తయితే వరంగల్ దారిలో ఎందరి పొద్దు మిగులుతుందో!

మార్చి 9. ఔటర్ రింగ్ రోడ్డు

చెల్లెల్ని విమానం ఎక్కించడానికి బయల్దేరాం. కీసర ఎనిమిదో ఎగ్జిట్, శంషాబాద్ పదహారోది. మధ్యలో పదకొండోది పెద్ద అంబర్‌పేట. బెజవాడ హైవే అక్కడే కలుస్తుంది. దాన్ని దాటి ఇంకో 40 కిలోమీటర్లు పోతే గానీ బెజవాడ విమానం దొరకదు. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు గంట పైన, రెండు గంటల ముందు చేరాలన్న సూచన, విమానంలో గంట, గన్నవరం నుంచి ఊళ్ళోకి 20 కిలోమీటర్లు. అన్నీ కలిపితే ఐదు గంటలకు దగ్గర. కారులో తిన్నగా పోయినా అంతే.

మార్చి 12. చర్లపల్లి

జనవరి 6న మొదలైన కొత్త రైల్వే టెర్మినల్ చూసి వచ్చాను. విశాలంగా, శుభ్రంగా ఉంది. అక్కడికి చేర్చే రోడ్లు మాత్రం ఇరుకు. బెజవాడకు రైలు దారి కాజీపేట మీదుగా చుట్టు తిరిగి 350 కిలోమీటర్లు. అయినా సికింద్రాబాద్‌లో ఎక్కితే వందే భారత్ నాలుగు గంటల్లో ఊరి నడుమ దింపుతుంది.

మార్చి 13

దగ్గరి ఊళ్ళకు మాకు కావలసింది మరో విమానం కాదు. ఇంటికి దగ్గర్లో ఆగే వేగమైన రైలు, ఆ రైలు వేళకు స్టేషన్ చేర్చే బస్సు. శివరాత్రికి గుట్టకు వేసిన బస్సుల్లో కొన్నయినా రోజూ చర్లపల్లికి నడపాలి. కీసర, నాచారం, ఉప్పల్ వాళ్ళం కలిసి ఆర్టీసీని అడగాల్సింది ఇదే. అర్జీ రాయడం మొదలుపెట్టాను.