రసాల ఐసు చేసే ఇల్లు

నూజివీడు చిన్నరసాలు కోసుకు తినే పళ్లు కావు. మెత్తగా పిసికి, ముచ్చిక తీసి జుర్రుకోవాలి. బాగా మాగాక తొక్క మీద నల్లమచ్చలు పడితే బేరం పడిపోతుంది. లోపల రసం అప్పుడే అసలైన తీపికి వస్తుంది. అలా మిగిలిన పళ్లు తెప్పించుకుని మా స్నేహితురాలి అమ్మగారు వేసవంతా ఇంట్లోనే ఐసు చేస్తారు. పుల్ల ఐసు 10 రూపాయలు. ఆ పని దగ్గరుండి చూద్దామని మే నెలలో నూజివీడు వెళ్లాను.

నేను వెళ్లేసరికి పొయ్యి మీద పాలు మరుగుతున్నాయి. అడుగు మందంగా ఉన్న గిన్నె, సన్నటి సెగ. పక్కలకు కట్టిన మీగడను గరిటెతో గీకి మళ్లీ పాలలోనే కలుపుతున్నారు.

"పిన్నిగారూ, ఇంకెంతసేపు మరగాలి?"

"లీటరు అరలీటరవ్వాలమ్మా. తొందరపడితే నీళ్ల ఐసే తింటాం."

ఆ మాటలో చాలా ఉంది. పాలలో 87 శాతం దాకా నీళ్లే. ఆ నీరు పెద్ద పలుకులుగా గడ్డకడితే నాలుకకు ఇసుకలా తగులుతుంది. పాలు ఇగిరేకొద్దీ నీరు తగ్గి, కొవ్వూ మాంసకృత్తులూ చిక్కబడి, పలుకులు చిన్నవిగా ఏర్పడతాయి. గ్యాసు ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లు కొంచెమే ఇగరబెట్టి, చిక్కదనం కోసం చల్లటి పాలలో కలిపిన రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ పోస్తారు. సేమియా ఐసులో ఆ పని సేమియాలోని పిండే చేస్తుంది. ఆ సేమియా అచ్చు అడుగుకు దిగుతుంది. ఐసు బయటికి తీసినప్పుడు అడుగే కొస అవుతుంది కాబట్టి, మొదటి కొరుకుకే సేమియా దొరుకుతుంది. చిన్నప్పుడు అందరం ఆ కొస కోసమే కొనుక్కున్నాం.

పంచదార దగ్గర పిన్నిగారు చాలా జాగ్రత్తగా ఉంటారు. చల్లటి పదార్థంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది. అందుకని వేడి మీద రుచి చూసినప్పుడు కాస్త ఎక్కువనిపించాలి. అలాగని గుప్పిళ్లతో పోస్తే ఐసు గట్టిపడదు. మరీ తగ్గిస్తే రాయవుతుంది.

రసాన్ని మాత్రం పొయ్యి ఎక్కించరు. పళ్లు కడిగి, చేత్తో పిండి, పీచు పోయేలా పల్చటి గుడ్డలో వడకట్టారు. ఒక్క చుక్క నీరు కలపలేదు. పాలు పూర్తిగా చల్లారాకే రసం పోశారు. వేడిపాలలో పోస్తే పులుపుకి విరుగుతాయి, పైగా పండు వాసన ఆవిరైపోతుంది. అచ్చుల్లో అంచు దాకా నింపరు. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పైన వేలెడు ఖాళీ దానికోసమే. సగం గట్టిపడ్డాక పుల్ల గుచ్చితే నిటారుగా నిలబడుతుంది. అచ్చును మామూలు నీళ్లలో క్షణంపాటు ముంచి లాగితే విరగకుండా వస్తుంది.

ఫ్రీజరు లేని ఇళ్లవాళ్లేం చేయాలని అడిగాను. మాటలతో చెప్పకుండా చేసి చూపించారు. పెద్ద గిన్నెలో మూడు వంతుల ఐసు ముక్కలు, ఒక వంతు కల్లుప్పు. మధ్యలో మూత బిగించిన స్టీలు డబ్బా, అందులో పాలూ రసమూ. డబ్బాను అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్య మూత తీసి పక్కలకు కట్టింది గీకాలి. ఉత్త ఐసు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. పంచదార కలిసిన పాలకు ఆ చలి చాలదు. ఉప్పు తగిలితే ఐసు సున్నా కంటే కిందే కరుగుతుంది, కరగడానికి కావలసిన వేడిని డబ్బాలోంచి లాగేసుకుంటుంది. సరైన పాళ్లలో ఈ ఉప్పు ఐసు మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. గిన్నె బయట తెల్లటి మంచు పట్టడం నా కళ్లతో చూశాను. చెక్క బక్కెట్లో చేత్తో తిప్పి ఐస్‌క్రీం చేసే పాత పద్ధతీ ఇదే.

కరెంటు పోతే? ఫ్రీజరు మూత తెరవరు, అంతే. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించరు. అలా చేస్తే పలుకులు పెద్దవవుతాయి, క్రిములు పెరిగే ప్రమాదమూ ఉంది. అచ్చులు వేడినీళ్లతో కడగడం ఆ ఇంట్లో తప్పనిసరి. ఎండాకాలం పిల్లలకు పెట్టే వస్తువుకి ఈ శుభ్రం లేకపోతే ఎంత రుచిగా ఉన్నా వద్దనే అంటాను.

మన దేశ నిబంధనల ప్రకారం ఉత్త 'ఐస్‌క్రీం' అని పేరు పెట్టాలంటే కనీసం 10 శాతం పాల కొవ్వుండాలి. బజారులో చవగ్గా దొరికే చాలా కప్పుల మీద 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉండడానికి కారణం, వాటిలో పాల కొవ్వు బదులు వంటనూనెల కొవ్వు వాడడమే. పిన్నిగారి 10 రూపాయల ఐసులో పాలు, పంచదార, పండు తప్ప ఇంకేమీ లేవు.

ఈ వేసవిలో సాయంత్రం పళ్లబండి దగ్గర మెత్తబడ్డ రసాలు మిగిలి ఉంటే వదిలేయకండి. డజను తెచ్చి, అరలీటరు పాలు పావులీటరుకు ఇగరబెట్టండి. అచ్చులు లేకపోతే స్టీలు గ్లాసులు చాలు.