ఫలక్‌నుమా వీధులలో నొక సాయంకాలము

మా పుట్టినింట నొక నియమముండెడిది. ప్రయాణమునకు బయలుదేరునప్పుడు పులిహోర మూట, పెరుగన్నము, మరచెంబుతో నీళ్లు వెంట నుండవలెను. అవి యైపోయినచో గమ్యము చేరువరకు ఉపవాసమే గాని వీధిలో వండినది ముట్టరాదు. ముప్పదియైదేండ్లు వచ్చువరకు నేనా నియమము తప్పలేదు. కర్నూలు నుండి తిరుపతికి, శ్రీశైలమునకు, ఒకమారు కాశికి గూడ పోయి వచ్చితిని గాని, ఆ యూళ్లలో జనులేమి తిందురని యెవరైన నడిగినచో చెప్పుటకు నాకు మాట లేదు. అట్టి నేను గడచిన రంజాను మాసమున హైదరాబాదు పాతబస్తీలో ఒక సాయంకాలమంతయు వీధి వంటలు రుచి చూచుచు తిరిగితిననిన మా వీధి వారెవ్వరును నమ్మలేదు. సోదరీమణులారా, మీరైనను నమ్మునట్లు కారణము మొదట చెప్పెదను.

నా తమ్ముడు రెండేండ్ల నుండి ఫలక్‌నుమాలో నొక గది యద్దెకు దీసికొని యుద్యోగము చేయుచున్నాడు. వంట రాదు, నేర్చుకొనునంత తీరికయు లేదు. కిందటి యేడు వానకాలమున వానికి కామెర్లు వచ్చినవి. ఇరువది దినములు మంచము పట్టెను. మా యమ్మ పోయి వాని ప్రక్కనే కూర్చుండి, లేవగలిగిన పిదప ఇంటికి దీసికొనివచ్చి, నెల్లాళ్లు పథ్యము పెట్టి పంపెను. నీళ్ల వలననో తిండి వలననో వచ్చినదని వైద్యుడు చెప్పినది మొదలు ఆమెకొకటే పట్టు: వాడు ఉద్యోగము మాని యింటికి రావలెను. వాడా, ప్రతి రాత్రియు ఫోనులో “బాగా తిన్నానమ్మా” యనును. ఏమి తింటివనినచో మాట మార్చును.

మా వారికి ఉపాధ్యాయుల పని మీద నగరమునకు పోవలసి రాగా, అమ్మ నన్ను గూడ వెంట పంపినది. “నువ్వు కళ్లారా చూసి రావే. చూసింది చూసినట్టు చెప్పు. ఆ తరువాత నేను వాడితో మాట్లాడతాను” అనినది. ఒక పిల్లవాని జీతము, వాని జీవితము నా నాలుక మీద నున్నవని తలచుచునే నేను రైలెక్కితిని.

కాచిగూడలో దిగిన పిదప మా వారు తమ పనికి పోయిరి. స్టేషనుకు వచ్చిన తమ్ముడు నన్ను ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కించెను. మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ దాటిన పిదప ఫలక్‌నుమా వచ్చును. స్టేషను వెలుపలికి రాగానే వాడు వేలు చూపి, “అదిగో అక్కయ్యా, మహలు” అనెను. గుట్టమీద తెల్లని భవనము. ఫలక్‌నుమా యనగా ఆకాశమునకు అద్దము వంటిదని భావము. పైగా వంశీయుడైన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దానికి పునాది వేయించి తొమ్మిదేండ్లకు ముగించెననియు, తరువాత నది ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా చేతికి వచ్చెననియు చదివియుంటిని. అందలి భోజనశాలలో నూటయొక్కరు ఒకేమారు కూర్చుండి తినదగిన బల్ల యొకటి కలదు. 2010లో ఆ మహలు హోటలుగా మారినది. 2017 నవంబరులో అమెరికా యధ్యక్షుని కుమార్తెకు మన ప్రధానమంత్రి విందొనర్చినది ఆ బల్ల మీదనే. మాకా బల్లతో పని లేదు. నేను జూడవచ్చినది ఆ గుట్ట దిగువ నున్న వారు ఏమి తిందురన్నది.

పుస్తకములలో నేను వీధి తిండిని గూర్చి చదువకపోలేదు. క్రీడాభిరామములో ఓరుగంటి వీధులలో దిరుగు నిద్దరు మిత్రులు పూటకూటి యింట రూక యిచ్చి తృప్తిగా భుజింతురు. ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువున నేవి హితమో అవియే వడ్డించును. చిన్ననాడు ఆ ఘట్టములు మా తండ్రిగారివద్ద చదువుచు నోరూరి నేను నవ్వులపాలయితిని. మనుస్మృతి యైదవ యధ్యాయములో అంగడిలో అమ్మకమునకు పరచిన వస్తువు ఎల్లప్పుడును శుద్ధమే యని యున్నది. అది వండిన పదార్థమునకు గూడ చెల్లునా యని మా తండ్రిగారును మా మామగారును ఒక పెండ్లి పందిటిలో తెల్లవారువరకు వాదించుకొనిరి. తేలలేదు. ఇద్దరును వీధిలో తినలేదు.

ఆటోలో శాలిబండకు బోయి, అక్కడి నుండి చార్మినారు వైపు నడచితిమి. ఇంకను సూర్యాస్తమయము కాలేదు. ఉపవాసమున్న వారి ముందు తినుట బాగుండదని తమ్ముడు ముందే చెప్పియుండెను. అందుచేత మొదటి గడియ యంతయు చూచుటతోనే సరి. ఒకరు పుచ్చకాయలు కోయుచుండిరి. ఒకరు సమోసాలు గుట్టగా పోయుచుండిరి. దహీవడలు పళ్లెములలో పరచుచుండిరి. అంతమంది యంత తిండి ముందు పెట్టుకొని, ఎవ్వరును ముట్టక గడియారము చూచుకొనుట నే నెన్నడును చూడని దృశ్యము. ఏకాదశినాడు వంటింట నిలిచి పిల్లలకు దోసెలు పోయు నాడువారికి ఆ నిగ్రహ మెట్టిదో తెలియును.

సైరను మ్రోగినది. నా ప్రక్కనున్న యొక పెద్దాయన తన పొట్లములోని ఖర్జూరములు నాకును తమ్మునికిని చెరియొకటి యిచ్చెను. పండు గనుక శంక లేదు. నోటిలో వేసికొంటిని. ఆ విధముగా నా నియమము భగ్నమయ్యెను.

పిదప మిరపకాయ బజ్జీలు. ఇక్కడి పద్ధతి వేరు. లావు మిరపకాయ చీల్చి, చింతపండు, నువ్వులు కలిపిన ముద్ద కూరి, పిండిలో ముంచి వేయింతురు. తీసి ముక్కలుగా గోసి మరల నూనెలో వేయుదురు. కరకరలాడును. పులుపు కారమును లొంగదీయును. ఇంటికి వచ్చి నేను జేసితిని. రెండవమారు వేయించుటయే కీలకము. నూనె మాత్రము ఇంట మంచిది వాడుడు. ఆ బండి నూనె నల్లగా నుండెను.

ఇరానీ చాయ్ తాగితిమి. పందొమ్మిదవ శతాబ్దము చివరను, ఆ తరువాతను పారశీకము నుండి వచ్చిన వారు పెట్టిన హోటళ్ల వలన దాని కాపేరు వచ్చినది. తేయాకు నీళ్లు మూతవేసిన పాత్రలో చాలసేపు సన్నసెగ మీద మరుగును. పాలు వేఱుగా చిక్కబడువరకు కాగును. కప్పులో రెండును కలియును. మనవలె పాలు, ఆకు, చక్కెర ఒకే గిన్నెలో వేసి పొంగించుట కాదు. దానితో ఉస్మానియా బిస్కట్టు తిందురు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను పేర వచ్చినది. కొంచెము తీపి, కొంచెము ఉప్పు. చాయ్‌లో ముంచినచో క్షణములో కరగును, ఏమరితిమా అడుగున జేరును. నాది జేరినది.

దారిలో ఇటుకలు, మట్టితో కట్టిన పెద్ద పొయ్యిలలో పాతిన డేగిసాలు కనబడినవి. హలీము. గోధుమలు, మాంసము, పప్పులు, నెయ్యి వేసి, కట్టెల సెగ మీద పది పన్నెండు గంటలు ఉడికించి, పొడుగాటి కఱ్ఱ రోకళ్లతో ఇద్దరు మగవారు ఎదురెదురుగా నిలిచి మెదుపుదురు. ఏది గోధుమ, ఏది మాంసము తెలియరాదు. అరబ్బు దేశపు హరీసు దీనికి మూలము. యెమెను దేశపు హద్రమౌతు నుండి వచ్చి నిజాము సేనలో గొలిచిన వారి సంతతి నివసించు బార్కాస్ పేట ఫలక్‌నుమాకు దాపుననే కలదు. బ్యారక్సు అను మాటయే బార్కాస్ అయినది. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. మాది శాకాహారపు టిల్లు. ఆ పొయ్యి ముందర తమ్ముడు నా ముఖము చూడకుండ నిలిచెను. నేనడుగలేదు. వాడే, “ఒకసారి రుచి చూశానక్కయ్యా” అనెను. అమ్మ చూచినది చెప్పుమనినది గాని వినినది చెప్పుమనలేదు.

చార్మినారు దగ్గర నాలుగు మూలల నాన్ రొట్టెలు తందూరు గోడలకు అంటించి, ఇనుప కొక్కెములతో లాగుచుండుట చూచితిమి. ఖుబానీ కా మీఠా తింటిని: ఎండిన జల్దారు పండ్లు నానబెట్టి చక్కెరతో ఉడికించి, వాని గింజలు పగులగొట్టి పప్పును పైన చల్లుదురు. పారవేయదగిన గింజలో నుండి బాదము వంటి పలుకు దీయుట ఎవరో గృహిణి యూహయే యయియుండును. డబుల్ కా మీఠా నాకు మిక్కిలి తీపి యనిపించెను.

ఇంతవరకు వేడుక. పిదప మేము పోట్లాడుకొంటిమి. ఒక బండి దగ్గర తమ్ముడు పానీపూరీ అడుగబోగా, నేను వాని చేయి పట్టి లాగితిని. ఆ బండివాడు పుదీనా నీళ్లలో మోచేయివరకు ముంచుచుండెను. ఎంగిలి గిన్నెలు కడుగుటకు ఒకే బొక్కెన. “ఇదేనా నువ్వు బాగా తినడం?” అంటిని. “ఏ బండి వల్ల వచ్చిందో ఎవరికి తెలుసక్కయ్యా?” అని వాడు కసరెను. నిజమే. అట్టి కామెర్లు కలుషితమైన నీటి వలనను తిండి వలనను సోకును. సోకిన తరువాత కొన్ని వారములకు గాని బయటపడవు. ఎవరి మీద నేరము మోపగలము? కాని నాకా సాయంకాలము కన్నులకు గట్టిన దొకటి కలదు. నిప్పు మీద నుండి నేరుగ చేతికి వచ్చినది వేఱు. చల్లని నీళ్లు తగిలినది వేఱు. పచ్చళ్లు, కోసి పెట్టిన పండ్లు, ఐసు ముక్కలు, ఈ పుదీనా నీళ్లు రెండవ జాతి. శుద్ధి యన్న మాటకు ఆ పెండ్లి పందిటిలోని పెద్దలు ఈ యర్థము చెప్పి యుండినచో వాదము త్వరగా ముగిసెడిది.

మాటలు లేకుండ ఆటోలో ఫలక్‌నుమాకు తిరిగి వచ్చితిమి. రాత్రి తొమ్మిది గంటలయ్యెను. స్టేషనుకు పోవు దారిలో, మూసిన దుకాణపు మెట్ల దగ్గర, ఒకామె కట్టెలపొయ్యి ముందు కూర్చుండి జొన్నరొట్టెలు తట్టుచుండెను. మరుగుచున్న నీళ్లు పిండిలో బోసి, ఆవిరి ముఖమునకు కొట్టుచుండగనే పిసుకుచుండెను. చేతుల మధ్య రొట్టె తిరుగుచు పెరుగుట చూచి నేను నిలిచిపోయితిని. మా కర్నూలు జొన్నరొట్టె అదియే. కంబోడియా దేశమున తెల్లవారగనే స్త్రీలు కావడి మోసికొని వచ్చి, బియ్యపు పిండితో జేసిన సన్నని సేవెలకు చేపల పులుసు పోసి వీధులలో అమ్ముదురని యొక పుస్తకమున చదివితిని. లోకమున నింటి వంట వీధిలోనికి వచ్చినచోట నెల్ల ఒక యాడుదాని భుజముల మీదనే వచ్చినట్లున్నది.

తమ్ముని జూచి ఆమె, “ఇయ్యాల ఆలిస్యమైంది బిడ్డా” అనెను. తరువాత నన్ను తేఱిపార జూచి, “అక్కనా?” అని యడిగెను. అవునంటిని. పాలమూరు దిక్కు నుండి కూలికి వచ్చినదట. భర్త పోయిన తరువాత ఈ పొయ్యి పెట్టినదట. తమ్ముడు రెండేండ్ల నుండి రాత్రి భోజనము ఇక్కడనే చేయుచున్నాడట. “పోయినేడు నాలుగొద్దులు రాలే. మా పిలగాన్ని గది కాడికి తోలితే కామెర్లన్నడు. నేను జొన్న జావ కాసుకొని పోయిన. మీ అమ్మ గడప కాడనే వద్దన్నది” అని రొట్టె తిరుగవేసి, “తప్పేమున్నదమ్మా, తల్లి గద” అనెను.

నాకు పొయ్యి వేడి ముఖమునకు తగిలినది. తమ్ముని వైపు జూచితిని. వాడు తల వంచుకొనెను. వాడు రాత్రి తిండి మాట దాటవేయుచుండినది దేనిని దాచుటకో అప్పుడు తెలిసినది. తల్లి త్రోసిపుచ్చిన చేతి తిండి తినుచున్నానని తల్లితో నెట్లు చెప్పును?

నేనా మెట్టు మీదనే కూర్చుంటిని. రెండు రొట్టెలు, ఉల్లిపాయ, పల్లీల కారము. పొయ్యి మీది నుండి వచ్చిన రొట్టెను చేత బట్టలేక పైటకొంగులో బట్టుకొని తింటిని. కాశికి బోయి వచ్చిన నాడు కలిగినంత ఆకలి కలిగెను. మూడవది గూడ అడిగితిని. రొట్టె 20 రూపాయలు. నాకు లెక్క కట్టనని ఆమె మొండికేసినది. పిల్లవాని చేతిలో పెట్టి వచ్చితిని.

ఇంటికి వచ్చి అమ్మతో చూచినది చూచినట్లే చెప్పితిని: నల్లని నూనె, ఒకే బొక్కెన, మరుగు నీళ్లు, జొన్నరొట్టె. జావ మాటయు చెప్పితిని. ఆమె లేచి పెరటిలోనికి బోయెను. నాలుగు దినములు తమ్ముని గూర్చి గాని, ఉద్యోగమును గూర్చి గాని మాట్లాడలేదు. అయిదవనాడు జొన్నలు చెరుగుచు, చేట మీది నుండి తల యెత్తకయే, “ఆవిడ పిండి బాగా మరిగిన నీళ్లతోనే కలుపుతుందా?” అని యడిగెను.

“అవునమ్మా. చేతులు కాలేటట్టు” అంటిని.