పండగ జనం, కొత్త జంతువులు

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ జూకి వెళ్తే జంతువుల కంటే మనుషులే ఎక్కువ కనిపిస్తారు. బహదూర్‌పురా దగ్గరే బండ్లు ఆగిపోయాయంటే లోపల టాయ్ ట్రైన్ క్యూ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

"ఈసారి కొత్తగా ఏమొచ్చాయి?" ప్రతి కుటుంబంలోనూ ఇదే ప్రశ్న. జూలు చాలావరకు జంతువుల్ని కొనవు, ఇచ్చిపుచ్చుకుంటాయి. అచ్చం వియ్యాలవారి వ్యవహారమే! మధ్యలో సెంట్రల్ జూ అథారిటీ సరేననాలి. వచ్చాక కొన్నాళ్లు క్వారంటైన్‌లో విడిగా ఉంచుతారు. పండగ కదా, చూపించేయండి అంటే కుదరదు.

నాకు బాగా గుర్తున్నవి సౌదీ యువరాజు కానుకగా 2013లో వచ్చిన చీతాలు, హిబా, అబ్దుల్లా. మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రకటించిన జంతువు, పాతబస్తీ పక్కన నడుస్తూ కనిపించడం! నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మా పిల్లలు "చిరుతే కదా నాన్నా" అని ఏనుగు దగ్గరికి లాక్కెళ్లారు. హిబా 2020లో, అబ్దుల్లా 2023లో పోయాయి.

నాకు ఒళ్లు మండేది ఒక్కటే. కొత్త జంతువు బయటికి రాలేదని ఈలలు, కేకలు. దానికి ఊరు కొత్త, వాసనలు కొత్త. రాకపోతే పోనివ్వండి. 1963 నుంచి ఉన్న జూ ఎక్కడికి పోతుంది? సోమవారం సెలవు, మిగతా రోజుల్లో ఎప్పుడైనా వెళ్లొచ్చు. కనుమ నాడు మాత్రం వద్దు బాబూ. పండగ హడావుడి తగ్గాక ఏ బుధవారమో పొద్దున్నే వెళ్లండి, పార్కింగ్ కూడా దొరుకుతుంది.