కట్టినవాడు, కట్టించినవాడు

మా సహాధ్యాపకుడొకాయన జపాను వెళ్లి వచ్చి, నిక్కో నగరంలో తీసిన ఫోటోలు చూపించారు. చుట్టూ కొండలు, ఆకాశాన్నంటే చెట్లు, వాటి నడుమ తోషోగూ మందిరం. తన తాత స్మారకంగా వెలసిన ఆ మందిరాన్ని తొకుగవా ఇయెమిత్సు అనే పాలకుడు 1636లో వైభవంగా తిరిగి కట్టించాడు. అక్కడొక ద్వారం మీద నిద్రపోతున్న పిల్లి శిల్పం ఉన్నది. దానిని హిదరి జింగొరో అనే పనివాడు చెక్కాడని జనశ్రుతి. అటువంటి మనిషి అసలు ఉండేవాడా అని చరిత్రకారులకు సందేహమే. "అయినా పిల్లి దగ్గర జనం తలుచుకునేది పాలకుణ్ణి కాదండీ, జింగొరోనే" అన్నారాయన.

ఆ మాట నాకు ములుకులా తగిలింది. కారణం లేకపోలేదు.

కొన్నేళ్ల క్రితం జనగామలో కాకతీయయుగ సాహిత్యం చెబుతూ ఒక చిన్న పరీక్ష పెట్టాను. 'రామప్ప గుడిని నిర్మించినదెవరు?' అన్న ప్రశ్నకు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి 'రామప్ప' అని రాసింది. నేను ఎర్రసిరాతో కొట్టివేసి, 'రేచర్ల రుద్రుడు, 1213' అని దిద్దాను. ఆ పిల్ల లేచి, "సార్, రుద్రుడు రాళ్లు చెక్కిండా?" అని అడిగింది. తరగతి నవ్వింది. నేనూ నవ్వి పాఠంలోకి వెళ్లిపోయాను.

ఫోటోలు చూసిన తరువాత, ఎన్నోసార్లు చెప్పి ఒక్కసారైనా నిదానంగా చూడని పాలంపేటకు బయలుదేరాను. 2019లో ములుగు జిల్లా ఏర్పడేవరకు అది భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. ఎర్ర ఇసుకరాతి గోడలు, నిగనిగలాడే నల్లరాతి మదనికలు. కొంచెం దూరాన చెరువు, చెరువు చుట్టూ కొండలు. సంస్కృత శాసనం నా పక్షమే పలికింది: కట్టించినవాడు గణపతిదేవుని సేనాని రుద్రుడు. రామప్ప శిల్పి అన్నది జనశ్రుతి మాత్రమే. రామలింగేశ్వరుని పేరు మీదనే అది రామప్ప అయినదనే వారూ ఉన్నారు. కాని నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు కాల్చిన చేతులు రుద్రునివి కావన్నది మాత్రం ఏ వాదానికీ అందని నిజం.

అక్కడినుంచి భూపాలపల్లి జిల్లాలోని గణపురం కోటగుళ్లకు పోయాను. ఊరి పేరులో గణపతిదేవుడున్నాడు. శిథిలాల నడుమ నిలిచిన శిల్పాలను చెక్కినవారి పేరు నాకెవరూ చెప్పలేకపోయారు.

తెలుగు భాష ఈ భేదాన్ని ఏనాడో గుర్తించింది: 'కట్టు' వేరు, 'కట్టించు' వేరు. ఈ ప్రేరణార్థకాన్ని వ్యాకరణంలో ఏటేటా బోధించే నేను, ప్రశ్నపత్రంలో 'నిర్మించు' అన్న మాట చాటున దానిని దాచాను. శాసనం చదవలేని జనం ఆ భేదాన్ని మరువలేదు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన పేరులో సైతం రుద్రేశ్వరాలయం పక్కన రామప్ప నిలిచాడు.

ఆ అమ్మాయి ఇప్పుడెక్కడున్నదో తెలియదు. కొట్టివేసిన మార్కు తిరిగి ఇవ్వలేను. ప్రశ్నను మాత్రం మార్చాను: 'రామప్ప గుడిని కట్టించినదెవరు? కట్టినదెవరు?' రెండవ దానికి సరైన జవాబు నా దగ్గరా లేదు. అందుకే దానిని అడుగుతున్నాను.